సరుకు వాళ్లది, దిగుమతి కూలీ నాదా?

ప్రశ్న: సార్, నమస్తే. మాది కోదాడ. సొంత లారీ, 12 టైర్లది, ఫైనాన్స్‌లో ఉంది. నేనే నడుపుకుంటాను. పోయిన నెల మిర్యాలగూడ మిల్లులో 24 టన్నుల బియ్యం ఎత్తుకుని మహారాష్ట్రలోని భివండీలో ఒక గోడౌన్‌కు వెళ్లాను. టన్నుకు 2,600 చొప్పున కిరాయి 62,400. అడ్వాన్స్ 50,000 ఇచ్చారు, బ్యాలెన్స్ ముద్ర వేసిన రసీదు తెచ్చాక అన్నారు. అక్కడ రెండు రోజులు రోడ్డు మీదే నిలబెట్టారు. మూడో రోజు లోపలికి పిలిచి, దించాలంటే టన్నుకు 100 లెక్కన 2,400 కట్టమన్నారు. స్టాకు వేసినందుకు ఇంకో 500, గేటు దగ్గర 200. బిల్లు అడిగితే ఇక్కడ బిల్లులుండవు అన్నారు. కట్టేదాకా బస్తా ముట్టుకోలేదు. బ్రోకర్‌కు ఫోన్ చేస్తే "అది లారీ ఖర్చే, అందరూ కడుతున్నారు, నీకేంటి" అని పెట్టేశాడు. డీజిలు, టోలు, బత్తా, కమీషన్ అన్నీ పోను ఆ ట్రిప్పులో నాకు మిగలాల్సింది 9,000. అందులో 3,100 అక్కడే పోయింది. ఇది నిజంగా రూలేనా? గొడవ పెట్టుకుంటే లోడ్లు ఇవ్వరని భయం. కిస్తీ కట్టాలి.

ఇంకో మాట కూడా అడగాలి. వడ్ల సీజన్‌లో కొనుగోలు కేంద్రాల నుంచి మిల్లులకు తిప్పుతాను. మిల్లుల దగ్గర కూడా హమాలీ డబ్బులు మమ్మల్నే అడుగుతారు. అందుకని మేం రైతుల దగ్గర బస్తాకు రెండు రూపాయలు తీసుకుంటాం. మొన్న ఒక పెద్దాయన "కిరాయి సర్కారు ఇస్తుంటే నీకు నేనెందుకియ్యాలె బిడ్డా" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. అది తప్పేనా?
(పేరు రాయవద్దన్నారు)

జవాబు: రూల్ కాదు. ఆ మాట ముందు గట్టిగా చెప్పి మిగతా సంగతులకు వస్తాను.

కిరాయి అంటే సరుకును ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చినందుకు ఇచ్చే డబ్బు. టన్నుకు 2,600కు మీరు ఒప్పుకున్నది మిర్యాలగూడలో ఎత్తిన బియ్యాన్ని తడవకుండా, చిరగకుండా, లెక్క తగ్గకుండా భివండీ గోడౌన్ ముందు నిలబెట్టడానికి. బస్తాలు కిందికి దించుకోవడం ఆ సరుకు కొన్నవాళ్ల పని. స్టాకు వేసినందుకు తీసుకున్న 500 అయితే మరీ అన్యాయం. అది వాళ్ల గోడౌన్, వాళ్ల స్టాకు, రేపు వాళ్లు లాభానికి అమ్ముకునే బియ్యం. బస్తా మీ లారీ దిగాక అది ఆరు వరసలు పేర్చారా, పది వరసలు పేర్చారా అన్నదానితో మీకేం పని? ఇక గేటు దగ్గరి 200 దేనికో తీసుకున్నవాళ్లు కూడా చెప్పలేరు.

ఒకే ఒక్క సందర్భంలో అది మీ ఖర్చవుతుంది. కిరాయి మాట్లాడుకునేటప్పుడే "దిగుమతితో కలిపి", అంటే సరుకు దించే కూలీతో కలిపి అని ఒప్పుకుని, దానికి తగ్గట్టు టన్నుకు 100, 150 ఎక్కువ వేయించుకుంటే అది మీరే కట్టాలి. అలా ఒప్పుకోలేదని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. అసలు ఆ ఊసే రాలేదు. ఊసు రాకపోవడమే వాళ్లకు కావాల్సింది. లోడయ్యేటప్పుడు ఎవరూ ఎత్తని మాట, 800 కిలోమీటర్లు దాటి వెళ్లాక, వెనక్కి తిరగలేని చోట బయటికొస్తుంది. అప్పుడు మీ నెత్తిన 24 టన్నుల బరువుంది, వెనక బ్యాలెన్స్ 12,400 ఆగి ఉంది. ఆ స్థితిలో ఎవరైనా కడతారు. మీరు కట్టడం చేతకానితనమని ఒక్క క్షణం కూడా అనుకోవద్దు.

డబ్బు అడిగిన మనుషుల గురించి ఒక మాట. మీ కోపం అక్కడి హమాలీల మీదికి పోకూడదు. మన దగ్గర ముఠా కూలీలు ఎలాగో వాళ్లూ అంతే. వీపు మీద బస్తాకో లెక్కన బతికేవాళ్లు, నడుం పడిపోయాక అడిగే దిక్కుండదు. మీరు కట్టిన 3,100లో ఎంత వాళ్ల చేతికి చేరిందో చెప్పడం కష్టం. మామూలుగా జరిగేది ఇది. గోడౌన్ యజమాని దించే పనిని ఒక కాంట్రాక్టర్‌కు అప్పగిస్తాడు. న్యాయమైన రేటు ఇవ్వకుండా "మిగతాది లారీల దగ్గర చూసుకో" అంటాడు. ఆ విధంగా గోడౌన్‌కు కూలీ ఖర్చు తగ్గుతుంది, కాంట్రాక్టర్‌కు నగదు చేతికొస్తుంది, ఆ భారం ఊరు కాని ఊర్లో ఎవరూ తెలియని డ్రైవర్ మీద పడుతుంది. అందుకే బిల్లు ఉండదు. బిల్లిస్తే ఏ పద్దు కింద తీసుకున్నారో రాయాలి, రాస్తే ఇది ఎవరి ఖర్చో ఆ కాగితమే చెబుతుంది.

మీరు వెళ్లింది మహారాష్ట్ర కాబట్టి ఇది తెలుసుకోవాలి. హమాలీల కోసం దేశంలోనే పేరున్న చట్టం అక్కడుంది. దాన్ని మాథాడీ చట్టం అంటారు, 1969లో వచ్చింది. అణ్ణాసాహెబ్ పాటిల్ నాయకత్వంలో కూలీలు కొట్లాడి తెచ్చుకున్నది. దాని ప్రకారం పని చేయించుకునే యజమాని ఆ చట్టం కింద పెట్టిన కూలీల బోర్డులో నమోదు కావాలి. కూలీ డబ్బును, దాని మీద సంక్షేమం కోసం లెవీని, అంటే అదనపు రుసుమును, బోర్డుకు కట్టాలి. బోర్డు దాన్ని కూలీలకు చేరుస్తుంది. పీఎఫ్, గ్రాట్యుటీ లాంటివి ఆ లెవీ నుంచే వస్తాయి. డ్రైవర్ చేతి నుంచి నగదుగా లాక్కున్న డబ్బుకు ఈ దారిలో ఎక్కడా చోటు లేదు. అంటే బిల్లు లేకుండా గుంజే ప్రతి రూపాయీ మీకూ నష్టమే, లెవీ పడకపోవడం వల్ల ఆ కూలీకీ నష్టమే. ఈ సంగతి తెలిసి మాట్లాడితే మీ మాట తీరు మారుతుంది. "నేనివ్వను" అని హమాలీతో తగాదా పడటం వేరు, "మీ కూలీ మీకు రావాల్సిందే, అది గోడౌన్ ఇవ్వాలి" అనడం వేరు.

అక్కడ లారీల దగ్గర తీసుకునే ఈ డబ్బును వారాయీ అంటారు. దీని మీద మహారాష్ట్ర లారీ యజమానులే "జ్యాచా మాల్, త్యాచా హమాల్" అంటూ ఉద్యమం చేశారు. ఎవరి సరుకో వాళ్లదే హమాలీ అని. అంటే మీ ప్రశ్న మీ ఒక్కరిదే కాదు, తెలుగువాళ్లు బయటి రాష్ట్రానికి వెళ్తే చేసే మోసమూ కాదు. అక్కడివాళ్లనూ అంతే పిండుతున్నారు.

మన ఆంధ్ర బియ్యం దశాబ్దాలుగా వెళ్లే కేరళలో దీనికి ఇంకో రూపం ఉండేది. పని చేయకపోయినా పక్కన నిలబడి చూసినందుకు కూలీ అడిగేవాళ్లు, నోక్కుకూలి అని. 2018 మే 1 నుంచి అక్కడి ప్రభుత్వం దాన్ని నిషేధించింది. నిషేధం ఉన్నా 2021 సెప్టెంబరులో తిరువనంతపురం దగ్గర తుంబాలో అంతరిక్ష కేంద్రానికి యంత్రం మోసుకొచ్చిన వాహనాన్నే ఆపి 10 లక్షలు అడిగారు. ఆ ఏడాదే హైకోర్టు ఈ వసూలును దోపిడీగా చూడాలని, పోలీసులు కేసులు పెట్టాలని గట్టిగా చెప్పింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అందరూ కడుతున్నారు కాబట్టి అదే రూల్ అన్న మీ బ్రోకర్ మాట చెల్లదు. అందరూ కట్టిన డబ్బు గురించే అక్కడ ప్రభుత్వం, కోర్టు అలా మాట్లాడాయి.

అమెరికాలో ట్రకింగ్‌లో ఉన్న మనవాళ్లకు లంపర్ ఫీజు, అంటే ట్రక్కు సరుకు దించేవాళ్లకు ఇచ్చే కూలీ, తెలిసే ఉంటుంది. అక్కడి కేంద్ర చట్టం సూటిగా ఉంటుంది. సరుకు దించడానికి మనుషుల సాయం తీసుకోవాల్సిందే అని పంపేవాళ్లు గానీ అందుకునేవాళ్లు గానీ షరతు పెడితే, ఆ మనుషులను వాళ్లే ఇవ్వాలి, లేదంటే ట్రక్కువాళ్లకైన ఖర్చంతా వాళ్లే తిరిగివ్వాలి. బలవంతపెట్టడం నేరం. చట్టం ఉన్నంత మాత్రాన గేటు దగ్గర గొడవలు ఆగిపోలేదు గానీ, కనీసం రసీదు తీసుకుని కంపెనీకో బ్రోకర్‌కో పంపి వసూలు చేసుకునే అలవాటు అక్కడ స్థిరపడింది. మనకు కావాల్సింది కూడా మొదట ఆ అలవాటే.

మరి మన చట్టం ఏమంటుంది? ముందు చూసేది మీరు, కిరాయికి మాట్లాడినవాళ్లు ఏం ఒప్పుకున్నారన్నదే. దాని తర్వాత 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ఉంది. పాతదే గానీ మీకు పనికొచ్చేది అందులో రెండు చోట్లుంది. 69వ సెక్షన్ ప్రకారం, చట్టరీత్యా ఇంకొకరు కట్టాల్సిన డబ్బును మీ పని ఆగకుండా ఉండటం కోసం మీరు కట్టాల్సి వస్తే, దాన్ని వాళ్ల దగ్గర తిరిగి రాబట్టుకోవచ్చు. 72వ సెక్షన్ ప్రకారం, బలవంతం మీద తీసుకున్న డబ్బును తీసుకున్నవాళ్లు తిరిగివ్వాలి. ఈ 72వ సెక్షన్ కింద చట్టంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు. రైల్వే కంపెనీ సరుకు అప్పగించకుండా, అక్రమంగా ఎక్కువ ఛార్జీ కడితేనే ఇస్తానంటుంది. సరుకు కావాల్సినవాడు గత్యంతరం లేక కడతాడు. అక్రమంగా ఎక్కువ తీసుకున్నంత మేరకు అతను తిరిగి రాబట్టుకోవచ్చు అని అందులో ఉంది. అక్కడ సరుకు ఆపారు, మీ దగ్గర లారీని ఆపారు. తేడా అంతే. కాబట్టి "నువ్వే కట్టావు కదా, ఇప్పుడేం అడుగుతావు" అంటే భయపడనక్కర్లేదు. కట్టినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. ఇష్టం లేకుండా కట్టినట్టు ఆధారం ఉండాలి, అంతే.

బెదిరించి, దారి కట్టేసి డబ్బు గుంజితే అది భారతీయ న్యాయ సంహితలో 308వ సెక్షన్ కిందికొచ్చే నేరం కూడా. అయినా పోలీస్ స్టేషన్ దారి మీకు మొదటి సలహాగా ఇవ్వను. భాష రాని చోట, లారీ నిలబెట్టుకుని, 3,100 కోసం రెండు రోజులు స్టేషన్ చుట్టూ తిరిగితే పోయేది మీదే. చెయ్యి చేసుకున్నా, తాళం లాక్కున్నా, లారీని లోపల పెట్టి బయటికి వదలకపోయినా మాత్రం ఆలోచించకుండా 112కు ఫోన్ చేయండి.

ఇక చేయాల్సిన పని. ఇది భివండీ గేటు దగ్గర తేలే తగాదా కాదు, మిర్యాలగూడలో లోడు మీద పట్టా కట్టకముందు తేలాల్సింది. లారీ ఖాళీగా ఉన్నంతసేపే మీ మాటకు విలువ. తాడు బిగించాక అది సగమవుతుంది, తెలంగాణ దాటాక ఏమీ మిగలదు. కాబట్టి రేటు మాట్లాడుకునేటప్పుడే దిగుమతి కూలీ ఎవరిదని అడగండి. ఫోన్‌లో అడిగి వదిలేయొద్దు. ఫోన్ పెట్టేసిన వెంటనే బ్రోకర్‌కు వాట్సాప్‌లో ఇలా పెట్టండి: "మిర్యాలగూడ నుంచి భివండీ, బియ్యం 24 టన్నులు, టన్ను 2,600. ఎగుమతి, దిగుమతి కూలీ, స్టాకు, గేటు ఖర్చులు పార్టీవి. చేరిన 24 గంటల తర్వాత హాల్టింగ్ రోజుకు ఇంత. ఓకే అయితే లోడుకు వస్తున్నాను." పార్టీ అంటే సరుకు తాలూకువాళ్లు, హాల్టింగ్ అంటే లారీని నిలబెట్టినందుకు ఇచ్చే డబ్బు. హాల్టింగ్ మొత్తం మాత్రం మీరిద్దరూ మాట్లాడుకున్నది వేయండి. అటు నుంచి "ఓకే" అన్న రెండక్షరాలు వచ్చాయా, మీ చేతిలో ఒప్పందం ఉన్నట్టే. ఓకే రాకపోయినా, మీ మెసేజ్ చూసి లోడు ఇచ్చారంటే అదీ మీకు బలమే. హైర్ మెమో, అంటే కిరాయి ఒప్పందం కాగితం, రాసేటప్పుడు ఇదే మాట అందులో రాయమనండి. రాయనంటే మీ కాపీ మీద మీరే రాసి, దాని ఫోటో వాళ్లకు పంపండి. ఇంకొకటి, లారీ రసీదు వెనక వైపు సన్న అక్షరాల్లో షరతులు అచ్చేసి ఉంటాయి, ఎవరూ చదవరు. ఒకసారి చదవండి. దించే ఖర్చు పార్టీదే అని వాళ్ల కాగితం మీదే ఉంటే మీకు ఇంకేం కావాలి?

దిగుమతి పార్టీది కాదు, నువ్వే చూసుకో అని బ్రోకర్ ముందే చెబితే? మంచిదే, కనీసం తేలింది. అప్పుడు ఆ 3,000 కిరాయిలో కలిపి అడగండి. 62,400 బదులు 65,500 అనండి. ఒప్పుకుంటే ఎత్తండి, లేకపోతే ఆ ట్రిప్పులో మిగిలేది 6,000 కూడా లేదని తెలిసే నిర్ణయం తీసుకుంటారు. తెలియకుండా వెళ్లి నష్టపోవడం కన్నా అది నయం.

గేటు దగ్గర జాగ్రత్తగా నడుచుకోవాల్సింది ఇంకొకటుంది. మీరు డబ్బు దగ్గర పేచీ పెడితే వాళ్లు మీతో గొడవపడరు. ఓర్చుకుని దించుకుంటారు. తర్వాత రసీదు మీద "నాలుగు బస్తాలు తక్కువ", "రెండు తడిసినవి" అని రాసి ముద్ర వేస్తారు. ఆ ఒక్క వాక్యంతో మీ బ్యాలెన్స్‌లో ఎంత కోస్తారో మీకు తెలుసు. 3,100 కోసం పోట్లాడి 8,000 పోగొట్టుకున్నవాళ్లున్నారు. అందుకని దించేటప్పుడు క్యాబిన్‌లో పడుకోకుండా, ఎంత అలసటగా ఉన్నా, బస్తాలు వెళ్లే చోట నిలబడి లెక్క పెట్టుకోండి. పట్టా విప్పకముందు లోడును నాలుగు వైపుల నుంచి ఫోటో తీయండి. పట్టా విప్పేది, పై వరస బస్తాలు పొడిగా ఉన్నది వీడియో తీసి ఉంచుకోండి. చేరిన వెంటనే గేటు టోకెన్‌నో, రిజిస్టర్‌లో మీ లారీ నంబర్ రాసిన పేజీనో ఫోటో తీసి బ్రోకర్‌కు పంపండి. ఎన్ని గంటలకు చేరారన్నది అక్కడ తేలిపోతుంది. హాల్టింగ్ అడగడానికి అదే ఆధారం.

డబ్బు అడిగినప్పుడు కట్టేముందే బ్రోకర్‌కు ఫోన్ చేయండి, తర్వాత మెసేజ్ పెట్టండి: "గోడౌన్‌వాళ్లు దిగుమతికి 2,400, స్టాకుకు 500, గేటుకు 200 అడుగుతున్నారు. ఒప్పందం ప్రకారం ఇది పార్టీది. కట్టకపోతే సరుకు దించేది లేదంటున్నారు. మీరు మాట్లాడండి. గంటలో జవాబు రాకపోతే నేను కట్టి బ్యాలెన్స్‌తో పాటు తీసుకుంటాను." గంట ఆగండి. చాలాసార్లు ఆ గంటలోనే ఎక్కడో ఒక ఫోన్ మోగుతుంది, 3,100 కాస్తా 1,000కి దిగుతుంది. దిగకపోతే కట్టేయండి, కానీ నోట్లివ్వొద్దు. బిల్లివ్వరు కదా, ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో కట్టండి. డబ్బు ఎవరి పేరు మీదికి, ఏ తేదీన, ఎన్ని గంటలకు వెళ్లిందో అక్కడ నమోదవుతుంది. కట్టేటప్పుడు మెసేజ్ రాసే చోట "దిగుమతి కూలీ" అని రాయండి. ఫోన్‌లో తీసుకోం, నోట్లే కావాలంటే, ఎంతిచ్చారో, ఎందుకిచ్చారో అప్పటికప్పుడు ఇంకో మెసేజ్ పెట్టి మీ హైర్ మెమో కాపీ మీద రాసుకోండి. వాళ్లు ముద్ర వేయాల్సిన రసీదు మీద మాత్రం ముద్ర పడేదాకా ఏమీ రాయొద్దు. ముద్ర పడాలి, లెక్క సరిపోయిందని రాసి సంతకం పెట్టాలి, అది మీ చేతికి రావాలి. ఆ తర్వాతే మిగతా మాటలు.

బయటికొచ్చిన రోజే ముద్ర వేసిన రసీదు ఫోటో, పేమెంట్ స్క్రీన్‌షాట్, హాల్టింగ్ లెక్క కలిపి పంపండి. బ్యాలెన్స్ 12,400, దిగుమతి 3,100, హాల్టింగ్ ఇంత, మొత్తం ఇంత అని ఒకే కాగితం మీద. పది రోజుల తర్వాత అడిగితే ఎవరికీ గుర్తుండదు.

బ్యాలెన్స్ నెలల తరబడి తిప్పేవాళ్ల కోసం మీ దగ్గర ఒకటుండాలి, చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్. ఆధార్, పాన్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది, ఒక్క లారీ ఉన్నవాళ్లకూ వస్తుంది. చిన్న సంస్థ చేసిన సేవకు డబ్బు ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో ఇవ్వాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెల నెలా చక్రవడ్డీ. దాని కోసం ప్రత్యేక కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. 3,100 కోసం అక్కడిదాకా వెళ్లమనడం లేదు. బ్యాలెన్స్‌లు పేరుకుపోయి 50 వేలు, లక్ష అయినప్పుడు పనికొస్తుంది. చిన్న మొత్తాలకు లోక్ అదాలత్ ఉంది, కోర్టు ఫీజు ఉండదు. దారి చెప్పడానికి న్యాయ సేవల సంస్థ హెల్ప్‌లైన్ 15100 ఉంది.

లోడ్లు ఆపేస్తారన్న భయం గురించి. ఆ భయం ఉత్తదే అని నేననను. కిస్తీ ఉన్నవాడికి వారం రోజులు లారీ నిలబడితే ఏమవుతుందో తెలుసు. కానీ బ్రోకర్లందరూ ఒకలాంటివాళ్లు కారు. ముందే లెక్క తేల్చుకునేవాడితో పని చేయడం వాళ్లకూ సుఖం, చివర్లో పేచీ ఉండదు. ఆ వాట్సాప్ మెసేజ్ చూసి చిరాకుపడేవాడు ఒకడుంటే, "సరే రా" అనేవాడు ఇంకొకడుంటాడు. మొదటి నెలలో మీకు ఆ తేడా తెలుస్తుంది. ఆ తర్వాత ఏ గోడౌన్ ఎలాంటిదో, ఏ పార్టీ దిగుమతి డబ్బు తిరిగిస్తుందో ఒక పుస్తకంలో రాసుకోండి. ఒక్కరే అడిగితే ఒక్కరిని పక్కన పెట్టడం తేలిక. కోదాడలో లారీలకు కొదవ లేదు. మిర్యాలగూడ మిల్లుల నుంచి మహారాష్ట్ర లోడ్లు తిప్పే మీవాళ్లు పదిమంది కలిసి, ఇదే మెసేజ్ పది ఫోన్ల నుంచి వెళ్లేలా చేస్తే మిల్లు ఆఫీసులో ఎవరో ఒకరు కూర్చుని ఆలోచిస్తారు. మీ లారీ యజమానుల సంఘం నుంచి మిల్లర్ల సంఘానికి ఒక ఉత్తరం రాయించండి. మహారాష్ట్రలో యజమానులు మొదలుపెట్టింది కూడా సంఘాలతోనే.

ఇక రైతుల దగ్గర తీసుకునే రెండు రూపాయల సంగతి. తప్పే. మీకు తెలుసు కాబట్టే అడిగారు. మీ బాధ నాకు అర్థమైంది, మిల్లు దగ్గర మీ దగ్గర తీసుకున్నారు, అది మీరు ఇంకెక్కడో రాబట్టుకోవాలి. కానీ భివండీ గోడౌన్ యజమాని చేసింది కూడా సరిగ్గా ఇదే కదా. తన ఖర్చును తనకన్నా బలహీనుడి మీదికి నెట్టాడు. ఆ వరసలో అందరికన్నా చివర రైతు ఉన్నాడు, అతనికి నెట్టడానికి ఇంకెవరూ లేరు. ఒక లారీకి 600 బస్తాలు వేసుకుంటే రెండు రూపాయల లెక్కన 1,200. ఆయన వడ్లు కోయించి, ఆరబెట్టి, తూర్పారబట్టి, కాంటా కోసం రోజుల తరబడి కల్లంలో కాపలా కాసి, తరుగు కింద కిలోలు పోగొట్టుకుని ఉన్నాడు. కేంద్రం దగ్గర హమాలీ కూడా ఆయనే ఇచ్చి ఉంటాడు. వాన మబ్బు పట్టిందంటే టెన్షన్‌తో ఎంతడిగినా ఇస్తాడు. ఆ ఇవ్వడాన్ని ఇష్టపడి ఇచ్చినట్టు లెక్కేయకండి, మీరు భివండీలో ఎలా ఇచ్చారో ఆయనా అలాగే ఇస్తాడు.

అలాగని మిల్లు దగ్గర మీరే భరించమని కూడా చెప్పను. మిల్లులో దించుకోవడం మిల్లు పని. మిమ్మల్ని పెట్టుకున్నది రవాణా కాంట్రాక్టర్, ఆయన టెండర్ తీసుకున్నది పౌరసరఫరాల శాఖ దగ్గర. ఆ దారిలో అడగాలి. ఏ మిల్లులో, ఏ తేదీన, ఏ ట్రక్ షీట్ మీద, ఎంత తీసుకున్నారో పదిమంది లారీవాళ్లు రాసి సంతకాలు పెట్టి, కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో ఇవ్వండి. కాపీ జిల్లా పౌరసరఫరాల అధికారికి ఇవ్వండి. రైతులను కూడా తోడు తీసుకెళ్లండి, వాళ్ల మాటకు అక్కడ మీ మాట కన్నా ఎక్కువ విలువ ఉంటుంది. సీజన్ మధ్యలో ఇస్తే ఎవరికీ తీరిక ఉండదు. కేంద్రాలు తెరవకముందే, కాంట్రాక్టర్‌తో మాట్లాడుకునేటప్పుడే ఇవ్వండి. మిల్లు దిగుమతి ఖర్చు లారీది కాదని కాంట్రాక్టర్ దగ్గర కాగితం మీద రాయించుకోండి.

పోయిన నెల 3,100 గురించి ఆశ వదులుకోవద్దు. ముందు నగదుగా కట్టారా, ఫోన్‌లో కట్టారా చూసుకోండి. ఏదైనా సరే, బ్రోకర్‌కు చేసిన ఆ కాల్ మీ ఫోన్‌లో తేదీతో సహా ఉంటుంది, స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. ఇవాళే ఆయనకు మర్యాదగానే ఒక మెసేజ్ పెట్టండి: "ఫలానా తేదీ భివండీ లోడుకు గోడౌన్‌లో దిగుమతికి, స్టాకుకు, గేటుకు 3,100 నా దగ్గర తీసుకున్నారు. మీకు అప్పుడే ఫోన్ చేశాను. ఇది పార్టీ ఖర్చు. పార్టీతో మాట్లాడి ఇప్పించండి." ఆయన "అది లారీ ఖర్చే" అని రాతలో జవాబిస్తే అది కూడా దాచుకోండి. మిల్లులో బియ్యం అమ్మిన ఆఫీసు మీకు తెలుసు కదా, ఈసారి అటు వెళ్లినప్పుడు నేరుగా వాళ్లకూ చెప్పండి. భివండీలో తమ సరుకు మీద ఇలా వసూలు చేస్తున్నారని మిల్లువాళ్లకు అసలు తెలియకపోవచ్చు. అటు గోడౌన్ వాళ్లు తమ దగ్గర దిగుమతి ఖర్చు కింద ఇంకోసారి కోసుకుంటున్నారేమో వాళ్లూ చూసుకుంటారు.